పువ్వు కింద కాయ

అదే, నిన్న జలంధర్ సంగతి చెబుతుంటే మా అమ్మాయి భావన అన్నానికి పిలిచింది, సగంలో వదిలేశాను కదూ? మిగతాది వినండి. విన్నాక మీకూ ఒళ్ళు మండకపోతే నన్నడగండి!

జలంధర్‌ది జగిత్యాల దగ్గర పల్లె. ఇక్కడ గల్ఫ్‌లో, ఈ అల్ అజీజియాలో మా అమ్మాయి ఇంటి పక్క విల్లాలో తోటపని. ఆ విల్లా మేడం హెలెన్ గారు చల్లటి కొండల దేశం మనిషి. వాళ్ళ కొండల్లో పూసే అడవిపూలని ఏసీ పెట్టిన అద్దాల గదిలో పెంచుతారు. బయట మనం మాడిపోతుంటే లోపల పూలకి స్వెట్టర్లు వెయ్యాలనిపిస్తుంది! సెలవుకి వెళ్తూ ఆవిడ ఒక్క పని అప్పగించారు: ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ కుటుంబం పూల విత్తనాలు వేరేవాటితో కలిసిపోకుండా తీసి దాచమని.

కంపెనీ సూపర్‌వైజర్ అమర్నాథ్ ఏం చేశాడు? గది కడగాలని పైపుతో నీళ్ళు కొట్టించాడు. కుండీల పేర్ల చీటీలన్నీ ఊడొచ్చాయి. నాలుగు రేకులుండి గులాబీరంగులో ఉన్నవన్నీ ఒకే కుటుంబమని, ప్రిమ్‌రోజ్ చీటీలు తోచినట్టు గుచ్చేశాడు. జలంధర్ వచ్చి ఆరు కుండీల చీటీలు తీసేశాడు. దాంతో గొడవ.

"చీటీ చదవడం రానోడివి, పేర్లు మారుస్తావేంట్రా?"

"చదువుడు రాదు సార్. పువ్వు ఎర్కే."

రేపు పొద్దున ఐదింటి బస్సుకి ఎక్కడో ఎడారిలో ఉన్న దుఖాన్ సైటుకి పొమ్మన్నాడు! ఆ ఆరు కుండీల విత్తనాలు కలిస్తే నింద కూడా జలంధర్ మీదే. అమర్నాథ్‌ది మా గోదావరి జిల్లానే, చెప్పుకోడానికే సిగ్గేస్తోంది.

నేను జలంధర్‌ని గోడ దగ్గరికి పిలిచి అడిగాను, "ఎలా తెలిసిందయ్యా నీకు?"

రెండు పువ్వులు తెచ్చి గోటితో చీల్చాడు. "సూడున్రి టీచరమ్మా. గీ దాంట్ల కాయ రేకుల నడుమ ఉంది, ఆవపువ్వు తీరు. గీ దాంట్ల రేకుల కింద ఉంది. కాడ అనుకుంటరు, గదే కాయ. మేడం చెప్పిన పూలు గివే, ఆ ఆరు కుండీలయి కావు. మా వరిమడిల పసుపుపువ్వు కలుపు ఉంటది, కాయ లవంగమొగ్గ తీరు. మా అమ్మ బాలవ్వ కూలికి కలుపు తీస్తుండె. పువ్వు కింద కాయ ఉంటె పీకు బిడ్డా, ఇడిసిపెడ్తె మడంత ఇత్తు రాలుతది అనేటిది. గిప్పుడేమో గసొంటిదాన్నే ఏసీల పెట్టి సాదుతున్న!"

పడీ పడీ నవ్వాను. ఆ వెంటనే కడుపు మండింది. ముప్ఫయ్యొక్క ఏళ్ళు రేకుల కింద ఉండే ఈ కాయనే నల్లబల్ల మీద "నిమ్న అండాశయం" అని రాసి, బొమ్మ గీసి, పిల్లల చేత వల్లె వేయించాను. ఒక్కనాడూ ఒక్క పువ్వు చీల్చి చూపించలేదు! ఆ పాఠం మొత్తం బాలవ్వ మడిలో వంగి నిలబడి చెప్పేసింది. ఆవిడ కొడుకుకి ఏమీ తెలియదని ఈ అమర్నాథ్ అంటాడా? పదో తరగతిలో నా చేతికి చిక్కాల్సింది ఆ అమర్నాథ్!

భావన "మనకెందుకమ్మా" అంటోంది. ఎందుకేమిటి? మేడం నంబరు నా దగ్గరుంది, గోంగూర పచ్చడి ఇచ్చినప్పుడు తీసుకున్నాను. నాది తెలుగు మీడియం ఇంగ్లీషే, అయితేనేం? చీల్చిన పువ్వులు రెండూ అరచేతిలోనే ఉన్నాయి. ఇప్పుడు సాయంత్రం నాలుగైంది. టీ తాగి, కళ్ళజోడు తుడుచుకుని, ఆవిడకి వీడియో కాల్ చేస్తాను.