ఎర్రపోగు కట్టిన చేయి

సూరత్ కోసాడ్‌లో మా ఫ్లాటు బాల్కనీలో ఒక మడతబల్ల, దాని కింద ఒక పాత బిస్కెట్ల రేకుడబ్బా ఉన్నాయి. ఆ డబ్బా మూత తీసిన ప్రతిసారీ ముందు సూపర్ గ్లూ ఘాటు ముక్కుకు కొడుతుంది, ఆ వెనకే, ఇన్నేళ్లయినా వదలని మరమగ్గాల నూనె వాసన మెల్లగా పైకి లేస్తుంది. డబ్బా నిండా చేతులు, కాళ్లు, తలలు, తుపాకులు, రెక్కలు. చూసినవాళ్లు జడుసుకోకుండా ముందే చెబుతాను: అవన్నీ బొటనవేలంత ఉండే అంతరిక్ష సైనికులవి. బల్ల మీద దళాలు నిలబెట్టి, పాచికలు వేసి, టేపుతో దూరం కొలుచుకుంటూ ఆడే యుద్ధాల ఆట ఒకటుంది. అందులో పెట్టెలో వచ్చిన బొమ్మను వచ్చినట్టే నిలబెట్టడం నాకు చేతకాదు. దీని తల దానికి, దాని చేయి దీనికి అతికించి, రీఫిల్లు ముక్కనో గడియారం చక్రాన్నో జోడించి, లోకంలో ఇంకొకరి దగ్గర లేని సిపాయిని తయారుచేస్తే తప్ప తృప్తి ఉండదు. ఇచ్ఛాపూర్‌లో నాతో పనిచేసేవాళ్లు నలభై దాటిన ఆడదానికి ఇదేం పిచ్చి అంటారు. పుర్రెకో బుద్ధి అని నవ్వి ఊరుకుంటాను గానీ, ఈ బుద్ధి నా పుర్రెలో పుట్టింది కాదు.

నా చిన్నప్పుడు మేం అమ్రోలీ దగ్గర మగ్గాల షెడ్ల వెనక చాల్‌లో, అంటే కూలీల వరసగదుల్లో, ఒక ఒంటిగదిలో ఉండేవాళ్లం. బాపు పెళ్లికి ముందే కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చి మరమగ్గాల మీద పనికి కుదిరాడు. అమ్మ ఇంట్లోనే, రింగ్ రోడ్ మార్కెట్ల నుంచి మూటలుగా వచ్చే చీరలకు రాళ్లు అంటించేది. మా గదిలో నేల కంటే చీరే ఎక్కువ కనిపించేది, చీర కంటే పోగు ఎక్కువ కనిపించేది. అన్నంలో పోగు, జడలో పోగు, బొంతలో పోగు, బాపు కనుబొమల్లో పోగు. చలికాలం తాపీ ఒడ్డున అమ్మే పచ్చజొన్న పోంక్‌ను సేవ్ కలుపుకుని తింటుంటే పళ్ల మధ్య ఇరుక్కునేది కూడా జొన్నపొట్టో పోగో తెలిసేది కాదు. బతుకమ్మ పండక్కి సూరత్‌లో గునుగుపువ్వు ఎక్కడ దొరుకుతుంది? అమ్మ బంతిపూల వరసల మధ్య, బాపు తెచ్చిన వేస్టు దారాన్ని కుచ్చులు కట్టి, రంగునీళ్లలో ముంచి, గునుగు బదులు పేర్చేది. కొంచెం దూరం నుంచి చూస్తే నిజం గునుగే. గౌరమ్మ ఏనాడూ కాదనలేదు, సద్దిముద్దలు పంచుకునేటప్పుడు చాల్‌లో ఆడవాళ్లూ వంక పెట్టలేదు.

మగ్గాల షెడ్డును సూరత్‌లో ఖాతా అంటారు. బాపుకు మధ్యాహ్నం సద్ది పట్టుకుని ఖాతా గడప దాటడమంటే నాకు గుడిలోకి వెళ్లడం లాంటిది, భయం, ఆశ్చర్యం రెండూ కలిసి కాళ్లు ఆగిపోయేవి. వరసకు పన్నెండు చొప్పున నాలుగు వరసల మగ్గాలు ఒక్కసారిగా దడదడలాడుతుంటే నేల అరికాళ్లలోంచి పళ్లదాకా వణికించేది. పోగును మోసుకెళ్లే నాడె ఇటు నుంచి అటు పోవడం కంటికి ఆనేది కాదు, అటు తగిలిన దెబ్బ మాత్రం గుండెకు తెలిసేది. అక్కడ మాట అనేది ఉండదు. అందరూ చేతులతోనే మాట్లాడుకునేవాళ్లు. అరచేయి కడుపు మీద పెడితే తిన్నావా అని. వేలు చెవి దగ్గర తిప్పితే మాలిక్, అంటే ఖాతా యజమాని, వస్తున్నాడని. మూడు వేళ్లు పైకెత్తితే మగ్గం నడుస్తోందని, అవే మూడు వేళ్లు కిందికి వాలిస్తే పోగు తెగి ఆగిందని. బాపు ఇంటికొచ్చాక కూడా సగం మాటలు వేళ్లతోనే అనేవాడు.

మా పక్కగదిలో నర్సయ్య తాత ఉండేవాడు. ఆ ఖాతాలో మగ్గాలు బాగుచేసే జాబర్ ఆయనే. భార్య పోయింది, పిల్లలు లేరు, మంచం కింద ఒక రేకుడబ్బా ఉండేది. చచ్చిన మగ్గాల నుంచి విప్పిన స్ప్రింగులు, తోలుముక్కలు, పోగు దూరే పింగాణీ కళ్లు, పళ్లూడిన చక్రాలు అన్నీ ఆ ఒక్క డబ్బాలోనే. అడిగితే, “పనికిరానియి తీస్కో పో బిడ్డా,” అనేవాడు. ఏది పనికొస్తుందో ఏది రాదో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

నాకు ఆ సామాను అవసరం పడింది విరల్ వల్ల. వాడు నా క్లాసువాడు, రోడ్డుకు అటుపక్క సొసైటీలో ఉండేవాడు. దుబాయ్ నుంచి వాళ్ల మామ ఒక పెట్టె పంపాడు: లోహపు కవచాలు తొడుక్కున్న నక్షత్రాల సైనికులు, ఆట నియమాల పుస్తకం. వాడు పెట్టె మూత తీయగానే నా చేయి అటు పోయింది. తాకనిమ్మంటే, “దస్ సిపాయి లా, తబ్ ఖేలేంగే,” అన్నాడు. పదిమంది సిపాయిలను తెచ్చుకుంటేనే ఆట. పైగా నియమం ఏమిటంటే, ప్రతి సిపాయి చేతిలో ఏ ఆయుధం ఉందో చూస్తే తెలియాలి.

కొనే మాట ఇంట్లో ఎత్తలేదు. నెల్లాళ్లు కూర్చుని చేశాను. టూత్‌పేస్టు మూతలు శిరస్త్రాణాలు, రీఫిల్లు ముక్కలు తుపాకులు, నాడెలోంచి ఊడిన పింగాణీ కళ్లు మొహాలు, వాటి మధ్య అమ్మ చీరల నుంచి రాలిన ఎర్రరాయి. జిగురు కూడా అమ్మదే. తొమ్మిది మంది అయ్యారు. పదోవాడు సేనాపతి, వాడికి మామూలు చేయి పెట్టబుద్ధి కాలేదు. ఒకరోజు నర్సయ్య తాత డబ్బా అడుగున మూడు పళ్ల చిన్న ఇనుప ఫోర్కు దొరికింది. ఒక పన్ను కాస్త వంగి ఉంది కాబట్టి చచ్చిందే అనుకున్నాను. దాని మెడకు ఎర్రపోగు ముడేసి ఉంది. పోగులు అంటుకోని వస్తువే లేని ఇంట్లో పెరిగినదాన్ని, ఒక పోగుకు అర్థం ఉంటుందని నాకెలా తడుతుంది? ముడి విప్పి, ఫోర్కును సేనాపతి కుడిచేయిగా అంటించి, ఎర్రపోగును వాడి నడుముకు పటకాలాగా చుట్టాను. కిటికీలో నిలబెడితే వాడి గోళ్ల నీడ గోడ మీద జానెడు పడింది. నేను చేసినవాణ్ని చూసి నేనే భయపడ్డాను. ఆట ఆదివారం.

శుక్రవారం బాపు మగ్గాల్లో ఒకదాని ఫోర్కు విరిగింది. సాయంత్రం నర్సయ్య తాత మా గడప దగ్గర నిలబడి బాపుతో అన్నాడు, “ఎర్రపోగు గట్టిన ఫోర్కు ఒక్కటుండె గదరా. డబ్బంత దేవిన, ఏడ వాయెనో ఏమో.”

“ఇంకోటి దొర్కదా మామా?” అన్నాడు బాపు.

“సోమారం దాక దొర్కది. అప్పటిదాక జర కన్నేసి నడ్పు.”

నేను కంచంలోంచి తల ఎత్తలేదు. ఫోర్కు లేకపోతే ఏమవుతుందో మగ్గాల వాళ్ల పిల్లకు ఒకరు చెప్పక్కర్లేదు. నాడె అడ్డంగా వేసే పేక పోగు వచ్చి తగిలినంతసేపూ ఫోర్కు లేస్తూ ఉంటుంది. పోగు తెగితే లేవదు, అప్పుడు మగ్గం తనంతట తాను ఆగుతుంది. అది లేకపోతే మగ్గం గుడ్డిది. పోగు లేకుండానే ఆడుతూ పోతుంది, బట్టలో సందు పడుతుంది. ఇంకొక్క తాకా బట్ట చెడితే మగ్గాలు వేరేవాడికి ఇస్తానని మాలిక్ అప్పటికే బాపును హెచ్చరించి ఉన్నాడు. అన్నీ తెలిసి నేను పడుకున్నాను. నా పదోవాడు పోతే ఆట పోతుందన్న దిగులు ఒక్కటే నాది.

శనివారం సద్ది పట్టుకెళ్లాను. బాపు తన మగ్గాలన్నీ ఆడుతుండగా ఆ ఒక్కదాని ముందే వంగి నిలబడి ఉన్నాడు. రెప్ప వేస్తే పోగు ఎక్కడ తెగుతుందోనని రెప్ప వేయడం లేదు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. పక్క మగ్గం ఆగితే పరుగెత్తి పోగు కలిపి, మళ్లీ పరుగున వచ్చి ఇక్కడే. సద్ది అక్కడ పెట్టమని చేత్తో చూపించాడే గానీ నావైపు తల తిప్పలేదు. నాకు ఏడుపొచ్చింది. గదికి పరుగెత్తి, సేనాపతిని తెచ్చి, ఆ దడదడలో చెప్పడానికి మాట లేక, బాపు ముందు అరచేయి తెరిచాను.

బాపు చూశాడు. కొడతాడనుకున్నాను. మగ్గం ఆపి, నర్సయ్య తాతను సైగ చేసి పిలిచాడు. తాత సేనాపతిని వెలుతురుకు పట్టుకుని ఇటు తిప్పి అటు తిప్పి చాలాసేపు చూశాడు. తర్వాత, పసిపిల్ల కాల్లో ముల్లు తీసినట్టు, నొప్పి పుట్టకుండా, చేయి ఊడదీశాడు. వంగిన పన్ను సరిచేసి, మగ్గానికి బిగించి, ఆడించాడు. ఆడుతుండగా నన్ను దగ్గరికి లాగి, పేక పోగు తెంపేశాడు.

మగ్గం ఆగిపోయింది. మా ఇంట్లో, అమ్మ జిగురుతో నేను అంటించిన ఆ వేలెడు చేయి గాలిలో పోగు కోసం వెతికి, దొరక్క, ఏనుగంత యంత్రాన్ని నిలబెట్టేసింది. నాకు ఒళ్లు జలదరించింది. ఇప్పుడు తలుచుకున్నా జలదరిస్తుంది.

బయటికొచ్చాక తాత బీడీ ముట్టించి అన్నాడు, “సచ్చిందేదో బతికున్నదేదో తెల్వాలె గద బిడ్డా. బతికున్నదానికే ఎర్రపోగు గడ్త.” లోపలి మగ్గం వైపు బీడీతో చూపించి మళ్లీ అన్నాడు, “గీ సాంచ ఏందనుకున్నవ్? మూడు సాంచలు సస్తె గిదొక్కటి లేసింది.”

లోపలికి తొంగి చూశాను. నిజమే, దాని కాళ్లు ఆకుపచ్చ, నడుము బూడిదరంగు, పక్కచక్రం నలుపు. రోజూ చూస్తున్నదే, ఆ రోజుదాకా చూడలేదు. నేను నెల్లాళ్లు కూర్చుని పది బొమ్మలు చేసి మురిసిపోతుంటే, ఈయన ఖాతా నిండా చేసి పెట్టాడు, పైగా అవి బట్ట నేస్తున్నాయి.

ఆ సాయంత్రం తాత మగ్గానికి దువ్వెనలా ఉండే పాత పన్నెలోంచి మూడు ఉక్కుపుల్లలు పీకి, వంచి, సేనాపతికి కొత్త చేయి చేశాడు. ఆదివారం విరల్ తన సిపాయిలను కదపడం మరిచిపోయి వాణ్నే చూస్తూ కూర్చున్నాడు. ఆట మాత్రం నేను చిత్తుగా ఓడిపోయాను.

తాత పోయాక ఆయన డబ్బా నాకొచ్చింది, ఇప్పుడు బల్ల కింద ఉన్నది అదే. ఆ చాల్ పోయింది, అక్కడ ఇప్పుడు నాలుగంతస్తుల గోడౌన్ ఉంది. నాడె లేకుండా నీళ్లతో పోగు విసిరే మగ్గాలొచ్చాయి, వాటి భాగాలు ఒకదానివి ఒకదానికి పెట్టే జాబర్లు లేరు. కిందటేడు ఆ ఖాతాలో మగ్గాలన్నీ సుత్తెలతో విరగ్గొట్టి లారీలకు ఎత్తుతున్నారని తెలిసి, మాతోనే ఉండే బాపు చెప్పాపెట్టకుండా ఆటో ఎక్కి వెళ్లాడు. మగ్గాల మోతకు ఆయన చెవులు ఎప్పుడో పోయాయి. తిరిగొచ్చి జేబురుమాలు విప్పి నా అరచేతిలో పెట్టాడు. ఫోర్కు. మెడకు కొత్త ఎర్రపోగు ముడేసి ఉంది.

“నీ సిపాయిదే బిడ్డా. గప్పుడు మేం తీస్కున్నం గద,” అన్నాడు.

సేనాపతిని బయటికి తీశాను, గ్లూ మూత కూడా తీశాను. కానీ వాడికి తాత చేసిన చేయి ఉంది, ఈ ముడేమో విప్పబుద్ధి కాలేదు. ఫోర్కును అలాగే డబ్బాలో పెట్టేశాను. బాపు గుమ్మం దగ్గర నిలబడి, ఏమైందన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. ఆయనకు వినపడదు కాబట్టి, ఖాతాలో లాగే, మూడు వేళ్లు పైకెత్తి చూపించాను.