అన్న బ్యాండుది ఏ పార్టీ?

నా నోరు ఊరుకోదు. ఇప్పుడే కాదు, పదహారేళ్ళప్పుడూ అంతే. ఆ నోటికి తోడు నా చేతిరాత కూడా గుండ్రంగా ఉండటం మా ఇంటి ఖర్మ.

ఎమర్జెన్సీ నడుస్తున్న రోజులు. ఉత్తరాదిన స్టీలు ప్లాంటు ఊళ్ళో, బారిడీహ్ అనే పేటలో మాది రెండు గదుల క్వార్టరు. నాన్న ఆ ప్లాంటులోనే, రోలింగ్ మిల్లులో పనిచేసేవాడు. మెట్రిక్ పాసైన అన్న అదే ప్లాంటులో అప్రెంటిసుగా ఎంపికయ్యాడు. ఇక పోలీసు ఎంక్వయిరీ ఒక్కటే మిగిలింది. కానిస్టేబులు ఇంటికొచ్చి, కుర్రాడి నడవడిక మంచిదేనని రాసుకుపోతే ఉద్యోగం వచ్చినట్టే. లేదంటే ఇంతే సంగతులు.

అన్నకేమో ఉద్యోగం కన్నా గిటారే ఎక్కువ. నలుగురు స్నేహితులు కలిసి ఇంగ్లీషు రాక్ పాటల బ్యాండు పెట్టారు. అగ్రికో పేటలో ఇంకో బ్యాండు ఉండేది. దసరా పూజల రోజుల్లో ఏ పందిట్లో ఎవరు వాయించాలనే దగ్గర రెండింటికీ పడేది కాదు. మా వీధి వీధంతా అన్న వైపు. నా సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఆ దసరాకి తెలుగు వాళ్ళ హాల్లో గోడపత్రిక పెట్టారు. పెద్ద కాగితాల మీద చేత్తో రాసి అంటించేవాళ్ళు. ఏదైనా సరదాగా రాయమని నాకూ ఒక కాగితం ఇచ్చారు. నేను రెండు బ్యాండుల రాజకీయాలు రాశాను. అగ్రికో వాళ్ళది పాలకపక్షం. ఎందుకంటే అందరికీ ఒకే రంగు కోటు, ఠంచనుగా టైముకి మొదలుపెడతారు, ఒక్కడే పాడతాడు, మిగతా ముగ్గురూ తలలూపుతారు. మా అన్నవాళ్ళది ఎర్రజెండా. భుజాల దాకా జుట్టు, నాయకుడంటూ లేడు, నలుగురూ ఒకేసారి అరుస్తారు, ఆఖరికి ఫ్యూజు ఎగిరిపోయి పందిట్లో విప్లవం వస్తుంది. మా డ్రమ్ములవాడు మాత్రం ఎవరు సమోసాలు పెడితే ఆ పక్షం అని ముగించాను. చదివినవాళ్ళు పడీ పడీ నవ్వారు. నేను గుమ్మంలో నిలబడి ఆ నవ్వులు వింటూ తెగ మురిసిపోయాను.

మూడో రోజు సాయంత్రం నాన్న ఆ కాగితాన్ని చొక్కా లోపల దాచుకుని ఇంటికొచ్చాడు. తలుపు గడియ పెట్టాక గానీ బయటికి తియ్యలేదు.

“ఏటే ఇది? ఎవులు రాయమన్నారు నిన్ను?”

“నవ్వులాటకి రాసాను నాన్నా.”

“నవ్వులాటా? ఉజ్జోగం కాయితంలో మనది ఏ జిల్లా అని రాసినామే? సిక్కోలోడి కొడుకు ఎర్రజెండా అని నువ్వే రాసి గోడకంటించినావు! ఓలమ్మో, కొంప ముంచీసినావు కదే!”

అప్పుడు తెలిసింది నాకు. శ్రీకాకుళం కొండల్లో తిరుగుబాటు జరిగి ఇంకా ఎన్నో ఏళ్ళు కాలేదు. మా జిల్లా పేరు చెబితే, “అచ్ఛా, నక్సలైట్ల వైపా?” అని కొత్తవాళ్ళు నాన్నని వేళాకోళం చేసేవారు. నాన్న ఇంటికొచ్చి ఆ మాట చెబితే నేనే ముందు నవ్వేదాన్ని. ఇప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

“తెలుగు ఈ పోలీసోలకేటి తెలుత్తాది?” అంది అమ్మ.

“పోలీసోలల్లో తెలుగోడు లేడేటి? మూడ్రోజులు గోడ మీదుంది. ఎవుడెవుడు సదివినాడో నీకు తెలుసా?”

అమ్మ కాగితాన్ని ముక్కలు చేసి బొగ్గుల పొయ్యిలో వేసింది. అది కాలిపోయినా నా భయం కాలలేదు. హాల్లో ఎవరెవరు నవ్వారో గుర్తు తెచ్చుకున్నాను. తర్వాత నవ్వనివాళ్ళెవరా అని వెతుక్కున్నాను. అగ్రికో నుంచి వచ్చిన ఒకాయన చేతులు కట్టుకుని రెండుసార్లు చదివాడు, పెదవి కదపలేదు. ఆయన ముఖం నాకు అన్నం దగ్గర కూడా కనిపించేది. వీధిలో ఖాకీ చొక్కా కనిపిస్తే చాలు, పోస్టుమాన్ అయినా సరే, తలుపు చాటుకి పరిగెత్తేదాన్ని.

అన్న నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. “జుట్టు తీయించీరా. ఆ డబ్బా ఇంట్లో ఉండకూడదు” అని నాన్న అంటే, అలవాటుగా హిందీలో “ఠీక్ హై” అన్నాడంతే. మర్నాడు గిటారు వీపున తగిలించుకుని సైకిలెక్కాడు. పొట్టి జుట్టుతో, ఉత్త వీపుతో తిరిగొచ్చాడు. దాన్ని అగ్రికో బ్యాండు వాళ్ళకే ఊరికే ఇచ్చేశాడట.

“గిటార్ నే పార్టీ బదల్ లీ” అన్నాడు నాతో. గిటారు పార్టీ మారిందట! అమ్మ నవ్వింది. నేను పెరట్లోకి పోయి ఏడ్చాను.

తర్వాతి ఆదివారం పొద్దున కానిస్టేబులు వచ్చాడు. లావుపాటి పెద్దాయన. ఎన్నేళ్ళుగా ఇక్కడ ఉంటున్నారు, కొట్లాటలూ కేసులూ ఏమైనా ఉన్నాయా అని హిందీలో అడిగాడు. సొంత ఊరెక్కడంటే నాన్న గొంతు సవరించుకుని, “వైజాగ్ కే పాస్” అన్నాడు, జిల్లా పేరు చెప్పకుండా, వైజాగ్ దగ్గరని. ఆయన తల కూడా ఎత్తకుండా రాసుకున్నాడు. టీ తాగాడు. అంతా బాగుందని రాశానంటూ పుస్తకం మూశాడు. అమ్మ దేవుడి పటం వైపు చూసి దణ్ణం పెట్టుకుంది.

ఆయన మాత్రం లేవలేదు. అన్న వైపు వంగి చూశాడు.

“పూజకి పందిట్లో నాకు డ్యూటీ పడింది. పొడుగు జుట్టుతో వాయించింది నువ్వే కదా? మా అమ్మాయి అక్కణ్ణించి కదిలితే ఒట్టు. ఏదీ, గిటారు తియ్యి బాబూ. ఒక్క పాట వినిపించు.”

అన్న గోడకున్న ఖాళీ మేకు వైపు ఒకసారి చూశాడు.

“అబ్ నహీఁ బజాతా” అన్నాడు. ఇప్పుడు వాయించడం లేదని.

“అరెరే!” అని ఆయన నిజంగానే నొచ్చుకుని టోపీ పెట్టుకున్నాడు.

అన్న ఉద్యోగంలో చేరాడు. మరుసటి దసరాకి అగ్రికో పందిట్లో వాళ్ళ బ్యాండు పెట్టారు. నన్ను అన్నే తీసుకెళ్ళాడు. ఠంచనుగా టైముకి మొదలుపెట్టారు. ఒక్కడే పాడాడు, మా అన్న ఇచ్చిన గిటారు మెళ్ళో వేసుకుని. నేను పక్కకి తిరిగి చూశాను. మొదటి వరసలో చేతులు కట్టుకుని నిలబడి, వేదిక మీది మిగతా ముగ్గురితో పాటు మా అన్న కూడా తలూపుతున్నాడు.