మింగేసిన కేక

నా చిన్నప్పుడు సర్జాపుర దగ్గర మా తాతయ్యకు కనకాంబరాల తోట ఉండేది. కాలవ మొదట్లో పార పట్టుకుని నిలబడే తాతయ్యకు చివరి మడి కనపడేది కాదు, మధ్యలో జొన్న చేను అడ్డం. అందుకని నీళ్లు చాలకపోతే చివరన ఉన్న అత్త కేకేసేది. మధ్యలో ఉన్న నేను ఆ కేక అందుకుని తాతయ్యకు వినిపించాలి. అప్పుడాయన పై మడులకు గండ్లు మూసి నీళ్లన్నీ అటు వదిలేవాడు.

ఒక ఎండపూట అత్త మూడుసార్లు కేకేసింది. తాతయ్య అప్పటికే ఆయాసపడుతున్నాడు. పాపం, మళ్లీ ఆయన చేత పార పట్టించడం ఎందుకని ఊరుకున్నాను. చెప్పేశానని అత్తతో అబద్ధమాడాను. సాయంత్రానికి ఆమె పొద్దున నాటిన నారంతా వాలిపోయింది.

తాతయ్య తిట్టలేదు, అదే నాకు ఎక్కువ బాధయింది. "నేను అలిసినానని నువ్వు ఊరుకుంటే ఎట్లమ్మా? ఈడ ఉండేవానికి ఆ మడి కనపడదు. చెప్పేది నీ పని. చేసేదానికి నేనుండాను కదా" అన్నాడు.

ఇప్పుడు ఆ చుట్టుపక్కలన్నీ అపార్ట్‌మెంట్లు. అలాంటి ఒకదాంట్లోనే మా ఆయన, నేను, మా అమ్మాయి ఉంటున్నాం. ఆయన చొక్కా గుండీలు పెట్టుకోవడం మరిచిపోయి ఏడాది దాటింది. తలలోని సన్నటి రక్తనాళాల లోపలి పొర దెబ్బతిన్నదని డాక్టరమ్మ చెప్పింది. మెదడులో ఏ మూల పని పెరిగినా, అక్కడి పొరలోని కణాలు ఆ కబురును ఒకదాని నుంచి ఒకటి అందుకుంటూ పైనున్న పెద్ద నాళం దాకా చేరవేస్తాయట. అప్పుడది విప్పారి రక్తాన్ని అటు ఎక్కువగా వదులుతుందట. ఈయనకు ఆ కబురు సరిగ్గా అందడం లేదట. ఆమె బొమ్మ గీసి చూపించబోతే, ఇది మా తోట కాలవ సంగతే కదా అనిపించి అక్కర్లేదన్నాను.

అర్థమైతే సరిపోతుందా! అమ్మాయి బెళ్ళందూరు ఆఫీసు నుంచి ట్రాఫిక్‌లో నలిగి వస్తుంది, దానికింకేం చెబుతాంలే అని ఆయన స్నానం, తిండి, మందులు అన్నీ నేనే చూసుకున్నాను. అడిగితే బాగానే ఉన్నానని అనేదాన్ని. నిన్న స్నానాల గదిలో ఆయనను పట్టుకోలేకపోయాను. ఇద్దరం గోడ పట్టుకుని నేల మీదికి జారిపోయాం. దెబ్బలు తగల్లేదు గానీ, లేచే ఓపిక లేక అక్కడే కూర్చుని ఏడ్చాను. ఇంత అలసట ఒంట్లో ఉందని నాకే తెలియదు.

సాయంత్రం అమ్మాయి చెప్పులు విడుస్తుండగానే, "నా ఒక్కదానితో కావడంలేదమ్మా" అన్నాను.

అది బ్యాగు కింద పెట్టి నా పక్కన కూర్చుంది. "ముందే చెప్పకూడదామ్మా? నేనుండాను కదా" అంది.

ఆ రోజు తోటలో మింగేసిన కేకను, అరవై ఏళ్లకు, నిన్న అందించాను.