స్పిరిట్‌లో వేయని ఆల్చిప్ప

పోయిన నెలలో ఒకరోజు పొద్దున వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకు నార తీస్తుంటే, ఎప్పుడో నా దగ్గర జంతుశాస్త్రం చదువుకున్న అమ్మాయి ఫోన్ చేసింది. ఎమ్మిగనూరులో మగ్గాల ఇంట పుట్టిన పిల్ల. ఇప్పుడు ఏదో పెద్ద ఊళ్లోని ప్రయోగశాలలో, ఒక జీవి శరీరంలో ప్రకృతి రాసి పెట్టిన రాతనంతా మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా యంత్రాలతో చదివించే పనిలో ఉంది. దాన్నే జీనోమ్ సీక్వెన్సింగ్ అంటారని ఈ రోజుల్లో పేపర్లు చదివేవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. నా ఆరోగ్యం, మోకాళ్లు, మా ఆదోని ఎండలు అన్నీ అడిగాక, అసలు సంగతికి వచ్చింది. "మేడమ్, మీరు అప్పట్లో తుంగభద్రలో పట్టుకొచ్చిన ఆల్చిప్పలు కాలేజీలో ఇంకా ఉండాయా? ఇప్పుడు ఏట్లో యాడ ఎతికినా ఒక్కటీ దొరకలేదు" అంది.

నా చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. ఆ పిల్ల మాత్రం ఉత్సాహంగా చెప్పుకుపోయింది. నత్తలు, ఆల్చిప్పలు, ఆక్టోపస్‌లు అన్నీ చేరిన మొలస్కా వర్గం ఎంత పెద్దదో మనకు తెలుసు కదా, అయినా వాటిలో జీనోమ్ చదివినవి బహు కొద్దివేనట. ఆ కొద్దిలోనూ ఎక్కువ భాగం సముద్రంలో ఉండేవి, మనుషులు తినేవి, ముత్యాలిచ్చేవి. మన ఏరుల్లో, కాలవల్లో ఇసుకలో దూరి బతికే బీద ఆల్చిప్పల సంగతి పట్టించుకున్నవాళ్లు తక్కువట. పైగా వాటి ఒంటి జిగురు డీఎన్‌ఏకు అంటుకుని ఒక పట్టాన వదలదట, యంత్రాలను కూడా విసిగిస్తుందట. ఇంకో మాట విని నేను నిజంగా ఆశ్చర్యపోయాను. మైటోకాండ్రియా తల్లి నుంచి మాత్రమే బిడ్డకు వస్తుందని ముప్పై ఏళ్లు బోర్డు మీద రాసి చెప్పినదాన్ని నేను. కొన్ని మంచినీటి ఆల్చిప్పల్లో తండ్రి నుంచి కొడుకులకు మాత్రమే చేరే వరస ఇంకొకటి వేరుగా ఉంటుందట. మన తుంగభద్ర ఆల్చిప్పలో ఆ రెండు వరసలూ ఎలా ఉన్నాయో చూడాలని ఆ పిల్ల కోరిక. దానికి ఒక్క ముక్క మాంసం, గోరంత, మంచి స్థితిలో ఉన్నది కావాలి. చూసి చెబుతానని ఫోన్ పెట్టేశాను గాని, చూడకుండానే నాకు జవాబు తెలుసు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఇంట్లో ఈ నత్తలు, ఆల్చిప్పల పనే పెద్ద రభస. మాది పత్తి వ్యాపారుల ఇల్లు. వీధిలోకి వస్తే ముక్కుల్లోకి దూది పోగులు, ఇంట్లోకి వెళితే అగరువత్తుల వాసన, కోడిగుడ్డు అన్న మాట కూడా వంటింటి గడప దాటి లోపలికి వచ్చేది కాదు. అలాంటి ఇంటి ఆడపిల్ల నత్తల కడుపులు కోసి పిల్లలకు చూపించే ఉద్యోగం చేస్తోందంటే మా అవ్వకు మింగుడుపడలేదు. సాయంత్రం నేను రాగానే పెరటి వాకిట్లో నిలబెట్టి, చెంబుతో నీళ్లు పోసి, పసుపు పూసి, మోచేతుల దాకా కడిగిస్తే గాని లోపలికి రానిచ్చేది కాదు. అదంతా అయ్యాక, ఎవరూ లేకుండా చూసి, గొంతు తగ్గించి, "ఏమే, దానికి కండ్లుంటాయా? మనల్ని సూస్తాదా?" అని అడిగేది. నత్త కళ్లు కొమ్ముల చివర ఉంటాయని చెబితే రెండు రోజులు అదే ఆలోచన ఆమెకు. నా మొదటి శిష్యురాలు మా అవ్వే అని ఇప్పటికీ అనుకుంటాను.

నాకు గురువు మాత్రం మా ల్యాబ్ అటెండరు. ఆదోనివాడే, నమాజు తప్పని మనిషి, నాకన్నా పాతికేళ్లు పెద్ద. కాలేజీ అంతా ఆయన్ని చాచా అనే పిలిచేది. నేను పుస్తకాల్లో బొమ్మలు చూసి నేర్చుకున్న జీవులను ఆయన నీళ్లలో చూసి నేర్చుకున్నాడు. ఏ వాగులో, ఏ వంకలో ఏ నత్త ఉంటుందో, ఏ నెలలో పైకి వస్తుందో, ఏది ముట్టుకుంటే మూత వేసుకుంటుందో అన్నీ ఆయనకు తెలుసు. నన్ను "అమ్మా" అనేవాడు. ప్రిన్సిపాల్ ముందు కూడా అమ్మా అనే. కొత్త లెక్చరరుగా నా గౌరవం ఏమవుతుందోనని మొదట్లో కాస్త చికాకు పడ్డాను గాని, తరవాత ఆ పిలుపు లేకపోతే ల్యాబు ల్యాబులా ఉండేది కాదు.

ఏటా చలికాలం పోయి ఏరు సన్నబడ్డాక పిల్లలను తీసుకుని సి.బెళగల్ వైపు తుంగభద్రకు వెళ్లేవాళ్లం. తెల్లవారి బస్సెక్కి, ఎమ్మిగనూరు బస్టాండులో దిగి ఉగ్గాని, బజ్జీలు తిని, ఇంకో బస్సు పట్టుకుని ఏటి ఒడ్డుకు చేరేసరికి ఎండ ఎక్కేది. మేమంతా వలలు, బకెట్లు, జల్లెడలతో హడావిడి చేస్తుంటే, చాచా చెప్పులు ఒడ్డున విడిచి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, మోకాలి లోతు నీళ్లలో మెల్లగా నడిచేవాడు. చేతులు వెనక కట్టుకుని, ఎటో ఆకాశంలోకి చూస్తూ నడిచేవాడు. ఉన్నట్టుండి ఆగేవాడు. పాదం ఒకసారి అటూ ఇటూ కదిపి, వంగి, ఇసుకలో చెయ్యి పెట్టి లేచేసరికి అరచేతిలో నల్లటి ఆల్చిప్ప. ఎలా తెలిసిందని పిల్లలు అడిగితే, "కాలికి తగుల్తాది నాయనా, రాయి తగిలినట్ల కాదు, అది యేరే" అనేవాడు. చిన్నవి దొరికితే మళ్లీ ఇసుకలో నిలువుగా గుచ్చి పెట్టి వచ్చేవాడు, పడుకోబెడితే దానికి కష్టమని.

ఇప్పుడు చెప్పవలసిన మాట చెప్పడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఆ రోజుల్లో జీవులను దాచే స్పిరిట్, అదే ఆల్కహాల్, దొరకడం మహా కష్టం. మద్యం నిషేధించిన కాలం. ప్రయోగశాలకు కావలసిన స్పిరిట్‌కు కూడా ఎక్సైజు వాళ్ల అనుమతి కావాలి, కర్నూలు తిరగాలి. వచ్చిన ఒక్క డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నా దగ్గర పెట్టుకునేదాన్ని. కాబట్టి తెచ్చిన జీవినల్లా దానికి బదులు ఫార్మలిన్‌లో వేసేవాళ్లం. అది చవక, తేలిక, ఎవరూ తాగరు.

ఒక ఏడు మాకు అరచేతికి మించిన ఆల్చిప్ప దొరికింది. అంత పెద్దది నేను మళ్లీ చూడలేదు. ల్యాబుకు తెచ్చి, పిల్లలంతా చుట్టూ మూగి ఉండగా ఫార్మలిన్ జాడీ తెరిచాను. చాచా నా పక్కకు వచ్చి, మెల్లగానే, "అమ్మా, ఈ మందులో ఏస్తే చిప్ప పొడి పొడి అయితాది, లోపల కండ చెక్క మాదిరి గట్టిపడతాది. పాత సారు ఉన్నప్పుడు స్పిరిట్‌లో ఏసినవి ఎన్నేళ్లయినా మెత్తగుండేవి. దీనిలో ఒక్క ముక్కన్నా స్పిరిట్‌లో ఏసి పెడదామా?" అన్నాడు.

ఆయన చెప్పింది నిజమే. ఫార్మలిన్ చిప్పను తినేస్తుందని నాకూ తెలుసు. కాని అటెండరు నాకు పిల్లల ముందు పాఠం చెబుతున్నాడని ఎక్కడో గుచ్చుకుంది. ఆ రోజుల్లో స్పిరిట్ అన్న మాట ఎవరి నోట వచ్చినా అందరూ ఒకే రకంగా నవ్వేవారు. నేనూ ఆ నవ్వే నవ్వి, "స్పిరిట్ బీరువా తెరవాలని ఎందుకుందో నాకు తెలుసులే చాచా" అన్నాను. పిల్లలు గొల్లుమన్నారు. జన్మలో చుక్క ముట్టని మనిషి. జాడీ మూత తీసుకుని గుడ్డతో తుడిచి, నాకు అందించి, "సరే మేడమ్" అన్నాడు.

ఆ తరవాత ఆయన నన్ను మళ్లీ అమ్మా అనలేదు. పని ఎప్పటిలాగే చేశాడు, ఏటికి వచ్చాడు, నీళ్లలో నడిచాడు, ఆల్చిప్పలు తీసి ఇచ్చాడు. సలహా మాత్రం ఒక్కటీ ఇవ్వలేదు. ఏది అడిగినా "మీరు చెప్పినట్ల మేడమ్" అనేవాడు. ఆయన రిటైరైన రోజు సభలో మాట్లాడమంటే, ఆయన క్రమశిక్షణ గురించి, సమయపాలన గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, శాలువా కప్పి, దండ వేశాను. క్షమించమన్న ఒక్క మాట మాత్రం చెప్పలేదు. తరవాత చెప్పుకోవచ్చులే అనుకున్నాను. ఆయన పోయిన సంగతి, నేను కర్నూలులో ఉండగా, పది రోజుల తరవాత తెలిసింది.

ఫోన్ వచ్చిన మర్నాడు కాలేజీకి వెళ్లాను. ఇప్పుడున్న కుర్ర లెక్చరరు మర్యాదగా మ్యూజియం గది తీయించాడు. ఆ జాడీ ఇంకా ఉంది. చిప్ప సున్నం రాలి పెళుసై పోయింది, లోపలి కండ గోధుమరంగు చెక్కలా ఉంది. జాడీ మీద నా చేతిరాతతోనే చీటీ, సేకరించినవారు అన్న చోట నా పేరే. ఆయన కాలికి దొరికిన జీవి కింద నా పేరు ఎంత ధీమాగా రాసుకున్నానో చూసి సిగ్గు వేసింది. శిష్యురాలికి ఫొటో పంపితే సాయంత్రం ఫోన్ చేసింది. అన్నేళ్లు ఫార్మలిన్‌లో నానినది కాబట్టి లోపలి రాత తునకలు తునకలైపోయి ఉంటుందట, మొత్తం జీనోమ్ అతికించి చదవడం ఇప్పట్లో తన వల్ల కాదంది. "ఒక్క ముక్క స్పిరిట్‌లో ఏసి ఉన్నా సాలు మేడమ్" అంది. ఆ పిల్ల అప్పటికి పుట్టి ఉంటుందో లేదో. దానికి ఏమీ తెలియదు. ఎవరికీ చెప్పని ఆ సంగతంతా దానికి చెప్పాను.

అంతా విని, ఇంకొక్కసారి ఏరు వెతుకుదాం, మీరూ రండి మేడమ్ అంది. సెలవు పెట్టి వచ్చింది. మునుపు రెండు బస్సులు మారి వెళ్లిన చోటికి ఈసారి కారులో సరాసరి వెళ్లాం. ఎమ్మిగనూరులో ఉగ్గాని తిన్నాం గాని, నాకు రుచి తెలియలేదు. ఏరు ఉంది, మేం నడిచిన ఇసుక లేదు. ఇసుకంతా తవ్వుకుపోయిన గుంతలు, వాటిలో నిలిచిన పచ్చటి నీళ్లు, అడుగున బంకమన్ను. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దామెను అడిగితే, "ఆల్చిప్పలా? ఇసకుంటే గదమ్మా అవి ఉండేది" అంది, మా అమాయకత్వానికి జాలిపడుతున్నట్టు.

అయినా దిగాను. ఆ పిల్ల వద్దంటున్నా చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, దాని భుజం పట్టుకుని, మోకాలి లోతు దాకా వెళ్లాను. పాదాలతో తడుముతూ ఆయన నడిచినట్టే నడవాలని చూశాను. రాయి తగిలితే రాయేనా అని ఆగడం, చెయ్యి పెట్టి చూస్తే గాజుపెంకు. రాయికీ ఆల్చిప్పకూ కాలికి తెలిసే తేడా ఏమిటో ఆయన్ని నేను ఎన్నడూ సరిగ్గా అడగలేదు. మొదట్లో పుస్తకంలో లేనిది నాకెందుకనుకున్నాను. ఆ రోజు తరవాత అడిగే మొహం లేకపోయింది. ఆల్చిప్ప గుండెకు ఎన్ని గదులో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను, అది ఇసుకలో ఎక్కడుందో మాత్రం నాకు తెలియదు.

గంటసేపు వెతికి ఒడ్డుకు వచ్చాం. ఒడ్డున ఆ పిల్ల తెచ్చిన ఐసుపెట్టె తెరిచి ఉంది. అందులో వరసగా చిన్న చిన్న గొట్టాలు, వాటి పక్కన లీటరు స్పిరిట్ సీసా, సీలు కూడా తీయనిది. ఇప్పుడు ఏ తాళాలూ, ఏ తిరుగుళ్లూ లేకుండా ఆర్డరు పెడితే ల్యాబుకే వస్తుందట. తడి కాళ్లతో రాతి మీద కూర్చుని ఆ సీసాను ఒళ్లో పెట్టుకున్నాను. నీళ్లలోకి చూస్తూ ఆయన ఉంటే బాగుండుననిపించింది. ఆల్చిప్ప దొరకకపోయినా ఫరవాలేదు, ఈ సీసా ఆయన చేతికిచ్చి, దొరికిననాడు నువ్వే వెయ్యి చాచా అని ఉండేదాన్ని.