చెన్నయ్య మామ పలక

చెన్నయ్య మామ ఇక లేరన్న కబురు అందేసరికి నేను మార్కాపురం బస్టాండు పక్కన నా పుస్తకాల దుకాణం తెరుస్తున్నాను. షట్టరు సగంలో వదిలేసి మెట్టు మీద కూలబడిపోయాను. మొన్ననే నన్ను తిట్టిన మనిషి! ఆ తిట్టు తెచ్చిన తప్పుకు క్షమాపణ చెప్పుకునే అవకాశమైనా ఇవ్వకుండా వెళ్లిపోయారు.

ఆయన మా అమ్మకు తమ్ముడు. పలకల ఫ్యాక్టరీలో జీవితమంతా శ్రమించి, విశ్రాంతి తీసుకోవలసిన వయసులో ఊరికొచ్చే యాత్రికులకు దారి చూపే వ్రతం పట్టారు. నా దుకాణం గోడకు పెద్ద రాతిపలక తగిలించి, ఏం చూడాలో, ఎక్కడ తినాలో బలపంతో రాసేవారు. రోజూ ఉదయం పాత రాత తడిగుడ్డతో తుడిచి, తానే ఒక హోటలుకు వెళ్లి తిని, వంటగదిలోకి తొంగిచూసి వచ్చాకే పేరు రాసేవారు. "నిన్నటి హోటలు బాగనే ఉండె కదా మామా" అంటే, "నిన్న తిన్నోళ్లు పోయినార్రా అల్లుడూ, ఈ పొద్దు తినేటోళ్ల సంగతి చూడు" అనేవారు.

ఒకసారి హైదరాబాదు యువకులు కారు దిగి, రాత్రికి ఇక్కడ కాలక్షేపం ఏముందని అడిగారు. "శ్రీశైలం పోతారా? రాత్రయితే దోర్నాల కాడ అడవి గేటు ఏస్తారు నాయనా. ఆడ దోమలకు దొరికే బదులు ఈడనే పండుకొని, పొద్దున్నే చెన్నకేశవస్వామి గాలిగోపురం చూసి పోండి. మా ఊర్లో రాత్రి వినోదమంటే నిద్రే!" అన్నారు. వాళ్లు పడీపడీ నవ్వి, ఆ రాత్రి ఇక్కడే ఆగిపోయారు.

గుండె జబ్బుతో ఆయన మంచం పట్టినప్పుడు నేను మహా తెలివి ప్రదర్శించాను. ఆయన మెచ్చిన హోటలు పేరు రేకు బోర్డు మీద ఎర్ర రంగుతో రాయించి, పలక తీసేసి దాన్ని తగిలించాను. మామకు శ్రమ తప్పుతుందని అందరితో చెప్పాను గానీ, రోజూ తిని చూసే ఓపిక నాకు లేదన్నదే నిజం. ఈలోగా అక్కడ వంటమనిషి మారాడు. బోర్డు చూసి వెళ్లి తిన్న ఒక తల్లీ ఇద్దరు పిల్లలూ వాంతులతో ఆసుపత్రి పాలయ్యారు.

సంగతి తెలిసి మామ ఆటోలో ఆసుపత్రికి వచ్చారు. ఆ తల్లికి చేతులు జోడించి, "మా మాట నమ్మి తిన్నారు తల్లీ, తప్పు మాదే" అన్నారు. బయటికి వచ్చాక నా వైపు తిరిగి, "ఏంది అల్లుడూ నువ్వు చేసింది? పెయింటు పూసినావే, దాన్ని ఎట్ల తుడుస్తావు?" అన్నారు. మర్నాడు రేకు బోర్డు పీకేసి పలక మళ్లీ తగిలించి, వేరే హోటలులో తిని వచ్చి పేరు రాశారు. ఆయన చివరి రాత అదే.

అంత్యక్రియలు కాగానే బస్టాండు వాళ్లంతా వచ్చి ఆ పలకకు పూలదండ వేశారు. ఆ అక్షరాలను ఎవరూ ముట్టకూడదన్నారు. నేనూ సరేనన్నాను. మూడో రోజు పొద్దున గిద్దలూరు బస్సు దిగిన ఒక కుటుంబం పలక చదివి ఆ హోటలు వైపు నడిచింది.

"ఆగమ్మా, ఆగండి!" అంటూ పరుగెత్తాను.

"పలక మీద రాసినారు కదన్నా" అంది ఆమె.

"అది పాత రాతమ్మా. రాసినాయన లేడు. కాసేపు కూచోండి, నేను తిని వచ్చి చెప్తా."

ఊరికి దారి చెప్పేవాళ్లు ఇంకా వస్తారు. పరాయివాళ్ల బిడ్డల కోసం ముందు తాను తిని చూసే మహానుభావుడు మాత్రం మళ్లీ రాడు. తిని తిరిగొచ్చి, ఆ కుటుంబానికి చెప్పి పంపి, దండ తీసి, తడిగుడ్డ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఆయన చేతిరాత మా ఇంట్లో మరెక్కడా లేదు. మామా, నన్ను క్షమించు అని ఏడుస్తూనే తుడిచాను. తర్వాత బలపం అందుకుని, ఆ పొద్దు నేను ఇడ్లీ తిన్న హోటలు పేరు నా వంకర అక్షరాలతో రాశాను.