అప్పన్నకు మొక్కిన జుట్టు

మొన్న విజయనగరంలో మా తమ్ముడి మనవరాలిని పెళ్లికూతురిని చేస్తున్న గదిలోకి అడుగు పెట్టగానే తడి మరువం వాసన ముక్కుకు తగిలింది. స్ప్రే వాసన, వేడి ఇనుముకు చుట్టిన వెంట్రుకల వాసన కలిసినా మరువం మరువమే. గుడి గోడల మీది బొమ్మలకుండే కొప్పు పెళ్లికి పెట్టించుకోవడం ఇప్పటి సరదా అట. పార్లర్ అమ్మాయికి పిల్ల ఫోనులో ఫోటో చూపిస్తోంది. అది చూశాక నాకు కుర్చీలో కుదురు లేదు. కిటికీ దాకా వెళ్లాను, వచ్చాను, మళ్లీ వెళ్లాను. అలాంటి కొప్పు చిన్నప్పుడు నా తల మీదా పెట్టారు.

మాది శ్రీముఖలింగానికి కొంచెం దిగువన వంశధార ఒడ్డు ఊరు. తాత పురాణం చెప్పేవాడు, ఊరి భజన సమాజానికి పెద్ద. మాఘం వచ్చిందంటే ఏటి మీద పొగమంచు పొద్దెక్కినా విడిచేది కాదు. నువ్వులు దంచి బెల్లం కలిపిన చిమ్మిలి వాసన, శివరాత్రి ఉపవాసానికి ఉడికే చిలగడదుంపల వాసన, తాళాల మోత, తొక్కుడుబిళ్ల ఆడుతూనే మేము గొంతు కలిపే కీర్తనలు అన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉండేవి. శివరాత్రి జాగారం అయిన మర్నాటి పొద్దున్న సమాజంవాళ్లు శివకల్యాణం చేసేవారు. పార్వతిగా ఊళ్లోని ఒక ఆడపిల్లను శివుడి విగ్రహం పక్కన పీటల మీద కూర్చోబెట్టేవారు. ఆ పిల్లకు కొప్పు పెట్టే పని నాన్న చెల్లెలు చిట్టత్తది.

ఆ కొప్పు ఆమెకు ఎవరూ నేర్పలేదు. శ్రీముఖలింగం గుడికి వెళ్లినప్పుడల్లా గోడ మీది రాతి ఆడవాళ్ల ముందు నిలబడి చూసి నేర్చుకుంది. ముందు ఉంగరాలు, పక్కన ముడి కనిపిస్తాయి గాని వెనక తల రాతిలోనే ఉండిపోతుంది. "శిల్పి సగమే సెప్పి ఎల్లిపోనాడు, మిగతాది మన తిప్పలు" అనేది. అవిసె గింజలు ఉడికించి తీసిన జిగురు రాసి, పాయపాయగా గుడ్డపేలికలకు చుట్టి రాత్రంతా కట్టి ఉంచి, పొద్దున్నే విప్పితే జుట్టు ఉంగరాలు తిరిగేది. ఆ ఉంగరాలను నెత్తి మీదికి ఎత్తి, మేదరవాళ్ల దగ్గర చెక్కించి నూనె పట్టించిన సన్నని వెదురు పుల్లలతో గుచ్చి, చుట్టూ మరువం, చేమంతి, కనకాంబరం అరటినారతో కట్టేది.

ఆ ఏడు పార్వతి నేనేనని తాత భజనలో చెప్పాడు. అందరూ నన్ను చూసి నవ్వారు. మా అమ్మ మాత్రం ఇంటికొచ్చి, దీపం పెట్టి, గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. వానాకాలంలో నాకు జ్వరం తగ్గకపోతే బతికితే చాలని సింహాచలం అప్పన్నకు నా జుట్టు మొక్కుకుందట. కోతలని, నూర్పులని ప్రయాణం వెనకబడింది.

 అది విని తాత, మొక్కిన రోజే ఆ జుట్టు స్వామిది అయిపోయిందని, మన తల మీద అది దాచిపెట్టిన సొమ్మని, పరాయి సొమ్ము సింగారించకూడదని చెప్పాడు. "అందులోనూ ఒకలికి మొక్కింది తీసుకెల్లి ఇంకొకలి పెల్లికి వాడతామా?" అన్నాడు.

చిట్టత్త ఊరుకోలేదు. "ఇంకొకలేటి నాన్నా? ఆయనా ఈయనా ఒకటేనని రోజూ పురాణంలో నువ్వే గదా సెప్తన్నావు. మరి ఈ గుంట జుట్టు కాడికొచ్చేసరికి ఇద్దరైపోనారా?"

ఇంట్లో ఎవరికీ అన్నం సహించని రోజులు మొదలయ్యాయి. తాత పురాణం విప్పి, మూసి, మళ్లీ విప్పి, పెరట్లో అటూ ఇటూ తిరిగేవాడు. పీటల మీద కూర్చోకపోతే శివుడు అలుగుతాడేమో, కూర్చుంటే అప్పన్న జ్వరం తిరిగి పంపిస్తాడేమో అని నాకు భయం. తొక్కుడుబిళ్లలో గీతలన్నీ తొక్కేసేదాన్ని. నిద్రలేచి మొదట జుట్టు తడుముకునేదాన్ని. అయినా కూర్చోవాలనే ఉండేది, రోజూ అత్తను అడక్కుండా ఉండలేనంతగా.

శివరాత్రి పొద్దున్న నదీస్నానం చేసి వచ్చి తాత అత్తను పిలిచాడు. "కూకోబెట్టు. కల్యాణం అయ్యాక ఒక్క పువ్వూ తియ్యకండి. ఎలాగున్నాదో అలాగే అప్పన్న కాడికి పట్టుకెల్లిపోదాం. సింగారం కూడా ఆయనకే సెందాలి."

మర్నాడు పీటల మీద మెడ తిప్పకుండా కూర్చున్నాను. మెడ నరాలు లాగేస్తున్నా లోపల ఏదో పట్టలేని సంతోషం. తలంబ్రాలు కొప్పులో ఇరుక్కున్నాయి. అలాగే బస్సెక్కించారు. దారిపొడుగునా జనం తిరిగి తిరిగి చూశారు. ఒక ముసలామె నాకు దండం పెట్టింది. కొండ మీద క్షురకుడు కత్తి పట్టుకుని ఆగిపోయాడు. "ఏటమ్మా, పెల్లికూతురునే తెచ్చీసినారు" అన్నాడు. అత్త వెదురు పుల్లలు ఒక్కొక్కటే తీసింది.  తర్వాత తల మీద గాలి చల్లగా తగిలింది. తాత కళ్లు మూసుకుని నామం చెప్పుకుంటున్నాడు.

మొక్కిన జుట్టుకు అలా కొప్పు పెట్టడం సరైనదేనా అని ఇన్నేళ్లుగా స్వామి ముందు కూర్చున్నప్పుడల్లా అడుగుతూనే ఉన్నాను. సత్సంగంలో ఇప్పుడు పురాణం చదివేది నేనే.  ఊళ్లో కల్యాణం ఉత్సవ విగ్రహాలకే జరుగుతోంది, ఆడపిల్లను కూర్చోబెట్టడం మానేశారు. చిట్టత్త లేదు. ఆమె పనిని ఎవరూ నేర్చుకోలేదు.

పిల్ల జుట్టు కొప్పుకు చాలలేదు. పార్లర్ అమ్మాయి ప్లాస్టిక్ కవరు చింపి, నల్లటి పొడవాటి సవరం బయటికి లాగింది. "ఒరిజినల్ జుట్టే మామ్మగారూ, గుడిలో మొక్కుకున్నోలు ఇచ్చింది. సింథటిక్ అనుకునేరు" అంది.

ఆ సవరాన్ని చేతిలోకి తీసుకున్నాను. ఎక్కడో ఒక బిడ్డకు జ్వరం వచ్చి ఉంటుంది, ఒక తల్లి గుమ్మం పట్టుకుని నిలబడి ఉంటుంది.

"ఏటి మామ్మా, బాగోలేదా?" అంది పెళ్లికూతురు అద్దంలోంచి.

"బాగుంది. ఎవరి మొక్కో ఏటో, పెట్టించుకునే ముందు ఒకసారి దండం పెట్టుకోయే."

గోళ్ల రంగు ఆరలేదని చేతులు దూరంగా పట్టుకునే నవ్వింది. ఒకరికి మొక్కిన జుట్టు ఇంకొకరి పెళ్లికి వాడొచ్చా అన్నది మా ఇంట్లో రోజుల తరబడి ముద్ద దిగకుండా చేసిన ప్రశ్న. ఇక్కడ నా మాట పూర్తయ్యేలోపే సవరం నా చేతిలోంచి వెళ్లిపోయింది, మొదటి పిన్ను దిగింది.