అత్త ఆయాసం రాయించిన రోజు

నిన్న పటాన్‌చెరులో షేర్ ఆటో కోసం నిలబడి ఉంటే ఫోను మోగింది. ఆరోగ్య బీమా అమ్మే అమ్మాయి. "ఇంట్లో ఎవరికైనా పాత జబ్బులున్నాయా మేడమ్?" అని అడిగింది, చాలా మర్యాదగా. మా మేనత్త గుర్తొచ్చి నాకు నవ్వాగలేదు. ఆ అమ్మాయి నొచ్చుకుందేమో, ఫోను పెట్టేసింది.

అత్త బొల్లారంలో మందుల ఫ్యాక్టరీలో పొడి జల్లించే పని చేసేది. షిఫ్టు దిగి వచ్చిందంటే ఆమె కంటే ముందు వాసన గడప దాటేది. స్పిరిటులో వెల్లుల్లి కుళ్లబెట్టినట్టుండే ఆ వాసన తలంటుకున్నా పోయేది కాదు. పిల్లలం ముక్కు మూసుకుంటే, "మీరు తినే బగారన్నం గూడ గిందులకెల్లే వస్తది" అనేది. పని మానేశాక వాసన పోయింది గానీ ఆయాసం మిగిలింది. నాలుగు మెట్లెక్కితే చాలు, ఛాతీలో పిల్లి కూర్చున్నట్టు గురగుర.

అత్తకూ మామకూ సర్కారు ఆరోగ్య కార్డు ఉంది. అయితే అది అన్ని ఆస్పత్రుల్లో, అన్ని జబ్బులకూ చెల్లదు. తోడుగా ఒక ప్రైవేటు పాలసీ ఉండాలని మామ పట్టుబట్టాడు. మా అక్క భర్తే ఏజెంటు. ఒక ఆదివారం సంగారెడ్డిలో అత్త వాళ్లింటికి వచ్చి, ఉప్మా తిని, దరఖాస్తులోని ప్రశ్నలు మొదలుపెట్టాడు బావ. ఆయాసం దగ్గరికి రాగానే కలం పైకెత్తి, "అత్తమ్మా, గిది రాయొద్దు. రాస్తే కంపెనీ పాలసీ ఇయ్యదు" అన్నాడు.

"రాయి" అంది అత్త.

"లేదని చెప్తే ఏం పోతది? జెర నీ పంతం పక్కకు పెట్టు" అన్నాడు మామ.

అత్త గొంతు పెంచలేదు. "ఇన్నేండ్లు ఆ దుమ్ము మింగిన. గీ ఆయాసం దుమ్ముతోని రాలేదని ఫ్యాక్టరీ డాక్టరన్నడు. సూపర్‌వైజరు గూడ గదే అన్నడు. ఇగ నాకు ఆయాసమే లేదని నేను గూడ సంతకం పెట్టాల్నా?"

బావ తలవంచుకుని రాశాడు. "ఎట్ల వచ్చిందో గూడ రాయి" అందామె. జాగా లేదన్నాడు. "పక్కకు రాయి." రాశాడు.

ఆ కంపెనీ కాదంది. మామ కొన్నాళ్లు అత్తతో మాట్లాడలేదు. చాయ్ కావాలన్నా, అప్పట్లో వాళ్లింట్లోనే ఉంటున్న నాతో చెప్పించేవాడు. చివరికి ఇంకో కంపెనీ ఒప్పుకుంది. కాకపోతే ఛాతీ జబ్బు ఖర్చు ఇవ్వాలంటే మాత్రం కొన్నేళ్లు ఆగాలంది. ఆ ఆగాల్సిన కాలంలోనే, ఒక వానాకాలం, అత్తకు ఊపిరి అందకుండా పోయింది. సర్కారు దవాఖానాలో చేర్చాం. పెదవులు నల్లబడ్డాయి. మామ వార్తాపత్రికతో విసురుతూ, "ఒక్క అబద్ధమాడితే ఏసీ రూముల ఉంటుంటివి" అన్నాడు. కోపం కాదది, భయం. అత్త ఆక్సిజన్ మాస్కు తీసి, "గా రూముల నాకు నిద్ర రాకపోతుండె" అని మళ్లీ పెట్టుకుంది. బతికింది.

గడువు తీరిన తర్వాత మళ్లీ తిరగబెడితే పటాన్‌చెరులో ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాం. బీమా కంపెనీ మనిషి విచారణకు వచ్చి, ఈ జబ్బు ఎప్పటినుంచి ఉందని గుచ్చి గుచ్చి అడిగాడు. "కూసో బిడ్డా" అంది అత్త. "మీరు అడిగిన నాడే చెప్పిన. ఇప్పుడు గూడ మొదటికెల్లి చెప్తా, ఇను." అతను చాలాసేపు విన్నాడు. బిల్లు కంపెనీయే కట్టింది.

తర్వాత ఆమెతో పనిచేసిన ఆడవాళ్లు ఒక్కొక్కరే బావ దగ్గరికి రావడం మొదలుపెట్టారు. పాలసీ దొరికినా దొరకకపోయినా, దుమ్ము సంగతి రాయాల్సిందేనని కూర్చునేవారట. "అత్తమ్మ నా దందా ఖరాబ్ చేసింది" అని బావ ఇప్పటికీ మొత్తుకుంటాడు, రాస్తూనే.

కాలం అన్నిటినీ మాన్పుతుందని అందరూ అంటారు. అత్త ఛాతీలో చేరినదాన్ని అది మాన్పలేకపోయింది. అసలేమీ జరగలేదని ఆమెచేత అనిపించడమూ దానివల్ల కాలేదు.